గోదావరి నిలిపిన కట్ట, గుత్త ముంచిన కాలువ
సర్ ఆర్థర్ కాటన్ జీవితం నుండి ఒక పాఠం

సరిహద్దు జిల్లాల తెలుగువారికి సర్ ఆర్థర్ కాటన్ పేరు కొత్త కాదు. యానాం చుట్టుపట్ల కోనసీమ రైతుకు ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర. తంజావూరు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొల్లిడం ఆనకట్టల ఇంజనీరు. ఒడిశాలో మహానది కాలువలకు, తుంగభద్ర తీరాన కర్నూలు–కడప కాలువకు కూడా మూలపురుషుడు ఆయనే. అయితే ఈ నాలుగు చోట్లా ఫలితం ఒక్క తీరుగా లేదు. రెండు చోట్ల కట్టడాలు పెట్టిన సొమ్ముకు ఎన్నో రెట్లు తిరిగి ఇచ్చాయి. మిగిలిన రెండు చోట్ల పని మొదలుపెట్టిన కంపెనీలు కుదేలయ్యాయి, భారం ప్రభుత్వం మీద పడింది. అన్నింటి వెనుకా ఉన్న ఆలోచన ఒకే మనిషిది. పని చేయించిన పద్ధతి మాత్రం ఒక్కటి కాదు. ప్రభుత్వ నిర్మాణాల నాణ్యత ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుసుకోదలచిన వారికి కాటన్ జీవితం మంచి పాఠ్యగ్రంథం.

బాల్యం, ఉద్యోగ ప్రవేశం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లాండులో జన్మించారు. పెద్ద కుటుంబం, అన్నదమ్ములు అనేకులు. పదిహేనేళ్ళ ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యారు. 1821లో, పద్దెనిమిదేళ్ళ వయసులో మద్రాసు రేవులో దిగారు. తొలినాళ్ళలో పాంబన్ జలసంధి సర్వేలో పాల్గొన్నారు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో సేవ చేశారు. ఆ తరువాత కావేరి నీటిపారుదల పనులు ఆయన చేతికి వచ్చాయి. అక్కడినుండే ఆయన జీవితానికి దారి ఏర్పడింది.

కావేరి నేర్పిన విద్య

శ్రీరంగం ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. దాని అడుగు పల్లం కావడంతో నీరు ఏటేటా అటే ఎక్కువగా పోసాగింది. తంజావూరు పొలాలకు నీరందించే కావేరి పాయ ఇసుక మేటలు వేసి పూడిపోసాగింది. ఇది ఇలాగే సాగితే తంజావూరు సీమ బీడుగా మారుతుందని కాటన్ గ్రహించారు. 1836లో కొల్లిడానికి అడ్డంగా ముక్కొంబు వద్ద ఎగువ ఆనకట్ట, అణైక్కరై వద్ద దిగువ ఆనకట్ట వెలిశాయి.

అక్కడ ఒక చిక్కు ఉంది. నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే, రాయి తగలదు. అలాంటి ఇసుకలో పునాది నిలపడం ఎలాగన్నది ఆనాటి యూరపు ఇంజనీర్లకు అంతుపట్టని ప్రశ్న. కాటన్ దానికి జవాబును చోళుల కాలపు కల్లణై వద్ద వెతికారు. పూర్వులు రాళ్ళను ఇసుకలో దిగనిచ్చి, దిగినకొద్దీ పైన మళ్ళీ రాళ్ళు పేర్చి, కట్టను నిలబెట్టిన తీరును పరిశీలించారు. ఈ విద్య ఈ దేశపు పూర్వుల నుండే నేర్చుకున్నానని ఆయన తరువాత దాపరికం లేకుండా రాశారు. ఆ పూర్వులు కట్టి వెళ్ళిపోయినవారు కారు. కట్టినవారి బిడ్డలే ఆ నీటితో పండించుకున్నారు, కట్టకు గండి పడితే వారే పూడ్చుకున్నారు. కట్టేవాడు, అనుభవించేవాడు ఒక్కరే అయినప్పుడు రాయి గట్టిగా పడుతుందన్న సత్యం కావేరి తీరాన కాటన్ కంటి ఎదుటే ఉంది.

మద్రాసు సమీపాన ఎర్రకొండల నుండి రోడ్డు పనులకు రాయి తరలించడానికి 1837లో నడిచిన చిన్న ఇనుపదారి కూడా ఆయన పర్యవేక్షణలోనిదే. ఈ దేశపు తొలి రైలుదారిగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు. ఆ తరువాత ఆరోగ్యం చెడి సెలవుపై టాస్మేనియా వెళ్ళారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నం ప్రాంతంలో ఉద్యోగం చేశారు. గోదావరి మీద ఆయన చూపు పడింది అప్పుడే.

గోదావరి జిల్లా దుస్థితి

నాటి రాజమహేంద్రవరం జిల్లా కథ వింటే నేటి వారికి నమ్మశక్యం కాదు. నిండుగా పారే నది పక్కనే జనం ఆకలితో మాడారు. 1832–33లో వచ్చిన నందన కరువును ప్రజలు డొక్కల కరువు అన్నారు. వరద వస్తే పంట కొట్టుకుపోయేది, వాన రాకపోతే ఎండిపోయేది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కొందరు చనిపోయారు, కొందరు వలస పోయారు. ఈ రోజు సరిహద్దు అవతల తెలుగు మాట్లాడే కుటుంబాలలో కొన్నింటి పూర్వీకులు ఇలాంటి కరువుల్లోనే ఇల్లు విడిచి ఉంటారు.

1844–45లో కాటన్ డెల్టా అంతా తిరిగి నివేదికలు సమర్పించారు. ధవళేశ్వరం వద్ద నదికి అడ్డంగా రాతికట్ట కట్టి, రెండు ఒడ్డులా, మధ్య లంకలకూ కాలువలు తీయవచ్చునని వాదించారు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు 1846 డిసెంబరులో అనుమతించారు. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది.

ధవళేశ్వరంలో పని సాగిన తీరు

నది ఆ చోట లంకల వల్ల నాలుగు పాయలుగా ఉంటుంది. కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్ట సాగింది. రాతికట్ట ఒక్కటే రెండు మైళ్ళకు పైబడిన పొడవు. రాయి ధవళేశ్వరం కొండ నుండే తవ్వారు. బండ్ల మీద లాగితే కాలం చాలదని పట్టాలు వేసి తరలించారు. రోజుకు వేలాది కూలీలు పనిచేశారు.

ఈ పనిని ఎవరికీ ఏకమొత్తంగా గుత్తకు ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ప్రభుత్వ ఇంజనీర్లే దగ్గరుండి కూలీలను పెట్టుకుని చేయించారు. కాటన్ కోరినంత మంది అధికారులను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్న కొద్దిమంది యువకులతోనే నెట్టుకొచ్చారు. కూలీలను సమకూర్చి, వారికి నచ్చచెప్పి పనిలో నిలపడంలో వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి చేసిన సేవను గోదావరి తీరం వారు నేటికీ స్మరిస్తారు. ఎండదెబ్బకు కాటన్ ఆరోగ్యం పాడై కొంతకాలం సెలవుపై వెళ్ళవలసి వచ్చినప్పుడు ఓర్ అనే ఇంజనీరు పని ఆగకుండా చూశాడు. ఆయనే తరువాత 1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్టను కట్టించాడు.

కోనసీమలో వైనతేయ పాయ మీద గన్నవరం వద్ద కాలువను నదిపై నుండి దాటించే అక్విడక్టును హేగ్ అనే యువ ఇంజనీరు ఒకే పని కాలంలో, వరదలు రాకముందే, 49 కమానులతో నిలబెట్టాడు. అంత తొందరపనిలో కూడా నాణ్యత చెడకపోవడానికి కారణం వెతికితే ఒక్కటే కనిపిస్తుంది. కట్టించినవాడు ఆ ప్రాంతం విడిచిపోలేదు. కట్టడం కూలితే మరునాడు కలెక్టరుకు, రైతుకు, పై అధికారికి సమాధానం చెప్పవలసినవాడు అతడే. సున్నం తక్కువ కలిపితే మిగిలే సొమ్ము అతని జేబులోకి రాదు, పగులు వస్తే మాత్రం అతని పేరుకే మచ్చ.

లోపాలు లేవని కాదు. మొదటి అంచనా చాలక మరల మరల సొమ్ము కోరవలసి వచ్చింది. నిర్మాణకాలంలో వరదలు పనిని దెబ్బతీశాయి. కాటన్ ఆశావాది, ఖర్చును తక్కువగా, లాభాన్ని ఎక్కువగా లెక్కవేసే స్వభావం ఆయనకు ఉండేది. దీనిపై పై అధికారులతో తగవులు నడిచాయి. అయినా ఖర్చు పెరిగిన చోట అది రాయిగా, మట్టిగా కంటికి కనిపించింది. పెట్టుబడి పెట్టింది ప్రభుత్వమే, శిస్తు పెరిగితే లాభపడేదీ ప్రభుత్వమే. కాబట్టి కట్ట నిలవడం అందరికీ అవసరమైంది. జిల్లా సరిహద్దులు కొంత మారినప్పటికీ, 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటిందంటే ఆ నీటి ఫలితం ఊహించవచ్చు.

వడ్డీకి హామీ, పనికి లేదు

ధవళేశ్వరం విజయంతో కాటన్ కీర్తి పెరిగింది. ఆయన మద్రాసు ప్రభుత్వానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1860లో ఉద్యోగ విరమణ చేశారు, 1861లో సర్ బిరుదు పొందారు. ఆయన కల అప్పటికే దేశమంతా వ్యాపించింది. నదులన్నింటినీ కాలువలతో కలిపి, పొలాలకు నీరు, సరుకులకు పడవదారి ఏర్పరచాలన్నది ఆయన సంకల్పం. ప్రభుత్వం మాత్రం సొమ్మంతా రైలుదారుల వైపు మళ్ళిస్తోంది. దానితో కాటన్ మరో దారి పట్టారు. ప్రైవేటు కంపెనీల చేత కాలువలు తవ్వించాలన్న ప్రయత్నానికి అండగా నిలిచారు.

అప్పట్లో రైలు కంపెనీలకు ప్రభుత్వం ఒక హామీ ఇచ్చేది. కంపెనీ పెట్టిన పెట్టుబడిపై లాభం వచ్చినా రాకపోయినా ఏటా నూటికి 5 వంతున వడ్డీ చెల్లిస్తానన్నది ఆ ఒప్పందం. లోటు పడితే ఈ దేశపు రైతు కట్టిన పన్ను నుండి పూడ్చేవారు. దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. లండన్‌లో వాటా కొన్నవారికి తమ 5 వంతులు అందితే చాలు, దారి గట్టిగా పడిందా, ఖర్చు సక్రమంగా జరిగిందా అన్నది పట్టదు. ఎంత ఎక్కువ ఖర్చయితే అంత ఎక్కువ మొత్తంపై వడ్డీ. ఈ దేశపు ఆర్థిక వ్యవహారాలు చూసిన మాస్సీ 1872లో పార్లమెంటు కమిటీ ఎదుట ఇదే లోపాన్ని ఎత్తిచూపారు. మహారాష్ట్రలో బొంబాయి–పుణె మధ్య భోర్ ఘాట్ దారిలో ఒక పెద్ద రాతి వంతెన 1867లో కూలిపోయింది. దారి ప్రారంభమై అప్పటికి కొద్ది ఏళ్ళే అయింది. కట్టడపు పని నాసిగా జరగడమే అందుకు కారణమని తేలింది.

మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కూడా ఇదే హామీ పొందింది. పది లక్షల పౌనుల పెట్టుబడికి 5 వంతుల వడ్డీ ఖాయం. బళ్ళారి సీమ నుండి నెల్లూరు తీరం దాకా తుంగభద్ర, పెన్నా నీటిని కలిపే మహా ప్రణాళిక కాగితం మీద గీశారు. చివరకు కర్నూలు దగ్గర సుంకేసుల నుండి కడప వరకు సుమారు 190 మైళ్ళ కాలువ మాత్రమే తవ్వారు. 1860వ దశకంలో సాగిన ఆ పని ముగియకముందే పది లక్షలూ కరిగిపోయాయి. ప్రభుత్వం మరో ఆరు లక్షల పౌనులు అప్పుగా ఇచ్చింది. కాలువ పూర్తయ్యాక కూడా నల్లరేగడి భూముల రైతులు నీరు తీసుకోలేదు. వాన మీద జొన్న పండే నేలకు నీటితీరువ కట్టి తడి పెట్టడం వారికి గిట్టుబాటు కాలేదు. రైతును అడగకుండా వేసిన లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వం కంపెనీని కొనివేయక తప్పలేదు.

ఒడిశాలో కథ మరో తీరు. 1858లో కాటన్ మహానది డెల్టా చూసి నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా ఏర్పడిన ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీకి వడ్డీ హామీ లేదు. హామీ లేనందున పని చక్కగా సాగి ఉండవలసింది. కాని సాగలేదు. హామీ లేని కంపెనీకి సొమ్ము పుట్టడమే కష్టమైంది. పెట్టిన సొమ్ము నీటితీరువ రూపంలో త్వరగా రావాలన్న ఆత్రుతకూ, ఏళ్ళ తరబడి సాగే కాలువ పనికీ పొంతన కుదరలేదు. 1866లో ఒడిశా భయంకరమైన కరువు పాలయినప్పటికి కాలువలు పూర్తి కాలేదు. 1868 ముగిసేసరికి ప్రభుత్వమే ఆ పనులను కొని, తన చేతిలోకి తీసుకుంది.

నష్టం ప్రభుత్వానిదీ లాభం కంపెనీదీ అయితే గుత్తేదారుకు జాగ్రత్త ఉండదని తుంగభద్ర చూపింది. నష్టమంతా గుత్తేదారు మీదకే నెడితే దీర్ఘకాలపు పని సగంలో ఆగుతుందని మహానది చూపింది. రెండింటి నడుమ ఉన్న సన్నని దారి, కట్టినవాడే కొంతకాలం కాపాడాలి, కాపాడినందుకు అతనికి న్యాయమైన ప్రతిఫలం దక్కాలి అన్నది.

చివరి రోజులు

1876–78లో దక్షిణ దేశాన్ని పీడించిన కరువులో లక్షలాది జనం మరణించారు. అందులో బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఎక్కువగా నలిగాయి. 1878లో పార్లమెంటు కమిటీ ఒకటి ప్రభుత్వ నిర్మాణాలపై విచారణ జరిపింది. డెబ్బై అయిదేళ్ళ వృద్ధుడైన కాటన్ దాని ముందు నిలిచారు. తుంగభద్ర కంపెనీ నష్టాలను చూపి ఆయనను నిలదీశారు. ఆయన వెనుకకు తగ్గలేదు. రైలు ధాన్యాన్ని మోయగలదు గాని పండించలేదన్నది ఆయన వాదన సారం. విధానంలో ఆయన ఓడిపోయారు, ప్రభుత్వం రైలు వైపే మొగ్గింది. కంపెనీ పద్ధతిలోని లోపాన్ని ఆయన ప్రత్యర్థులు నీటిపారుదలకే లోపంగా చూపగలిగారు. చెడ్డ ఒప్పందం ఒక మంచి ఆలోచనకు చేసే హాని ఇదే. కట్టడం ఒక్కటే పోదు, దాని వెనుక ఉన్న ఆశయం మీద కూడా నమ్మకం పోతుంది.

1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో, ఇంగ్లాండులోని డోర్కింగ్‌లో కాటన్ కన్నుమూశారు. తెలుగునాట ఆయన అపర భగీరథుడయ్యారు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట సుమారు 130 ఏళ్ళు సేవచేసి, 1980వ దశకం తొలి సంవత్సరాలలో కొత్త బ్యారేజీకి చోటిచ్చింది. ఆ బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. కంపెనీని ముంచిన కర్నూలు–కడప కాలువ సైతం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చాక క్రమంగా రైతుకు ఆసరా అయి, నేటికీ నీరిస్తోంది. ముక్కొంబు వద్ద కొల్లిడం కట్టడంలో 2018 ఆగస్టు వరదకు తొమ్మిది తలుపులు కొట్టుకుపోయాయి. ఎంత గట్టి పనికైనా కాపలా, మరమ్మతు కావలసిందేనని ఆ సంఘటన గుర్తుచేసింది.

నేటి పల్లెకు

కాటన్ కాలం గడచి శతాబ్దం దాటినా ఊరి రోడ్డు, బడి గోడ, చెరువు తూము కట్టే చోట ప్రశ్న అదే. అందరికంటే తక్కువ ధరకు పాడిన గుత్తేదారుకే పని దక్కుతుంది. పాట గెలవడానికి తగ్గించిన సొమ్మును అతడు సిమెంటులోనో కంకరలోనో రాబట్టుకోజూస్తాడు. బిల్లు చేతికందిన మరునాటి నుండి ఆ రోడ్డుతో అతనికి సంబంధం తెగిపోతే, మొదటి వానకు గుంటలు పడినా బాధపడేది బడికి నడిచే పిల్లలే. శాఖే నేరుగా చేయిస్తే ఆ లోభం తగ్గుతుంది గాని, మస్టరులో లేని కూలీల పేర్లు చేరే ప్రమాదం మరో వైపు పొంచి ఉంటుంది. ఏ పద్ధతికైనా చూసే కన్ను అవసరం.

ఈ సత్యాన్ని కొంతవరకు గుర్తించిన పథకాలు లేకపోలేదు. 2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన గుత్తేదారే అయిదేళ్ళపాటు దాని నిర్వహణ కూడా చూడాలన్న నిబంధన ఉంది. అయిదేళ్ళు తానే గుంటలు పూడ్చవలసినవాడు మొదటే గట్టిగా వేయడం తనకే లాభమని తెలుసుకుంటాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పనులను పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో పొందే హక్కు ఏ పౌరుడికైనా ఉన్నాయి. సరిహద్దుకు ఏ వైపు ఊరైనా, ఏ రాష్ట్ర భాషలో బోర్డు రాసినా, ఆ హక్కు ఒక్కటే.

ధవళేశ్వరంలో కట్ట నిలవడానికి ఒక్క కాటన్ మేధ చాలలేదు. కట్టినవారు అక్కడే ఉన్నారు, కట్ట తెగితే జవాబు చెప్పవలసినవారు వారే, నీరు పారితే లాభం పొందేది సొమ్ము పెట్టినవారే. తుంగభద్ర మీద అదే మేధ ఉన్నా ఈ మూడూ విడిపోయాయి. ఊరిలో కొత్త పనికి కొబ్బరికాయ కొట్టిన రోజునే, ఇది చెడితే ఎవరు బాగుచేస్తారు, ఎన్నేళ్ళ వరకు, ఎవరి ఖర్చుతో అన్న మూడు ప్రశ్నలు అడిగి సమాధానం రాయించుకునే గ్రామం ఈ పాఠాన్ని తన సొంతం చేసుకున్నట్లే.